పిల్లవాడు ఆడుతున్నాడా, కడుతున్నాడా?

గడచిన సెలవుల్లో మేము మా తమ్ముని ఇంటికి వెళ్ళి, అక్కడ ఒక తీర్పు చెప్పి వచ్చాము. అది తప్పుడు తీర్పు అని తెలియడానికి మాకు పది రోజులు పట్టింది. పెద్దవారు తమ తప్పును పిల్లల ముందు ఒప్పుకోవడమే కష్టం. పత్రికాముఖంగా ఒప్పుకోవడం మరింత కష్టం. అయినా ఇటువంటి తీర్పులు నేడు ఎన్నో ఇళ్ళలో ప్రతిరోజూ వెలువడుతున్నాయి గనుక ఈ సంగతిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మా తమ్ముని కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుతున్నాడు. మగ్రిబ్ నమాజు ముగించుకొని రాగానే ట్యాబ్ తెరిచి కూర్చుంటాడు. ఇషా అజాన్ వినిపించేదాకా తల ఎత్తడు. "భాయీజాన్, మా మాట వినడం లేదు, మీరైనా చెప్పండి" అని మా మరదలు వాపోయింది. మేము వాడి వెనుక నిలబడి ఒక్క నిమిషం చూశాము. తెరపై చదరపు దిమ్మెలు, వాటిపై అడ్డదిడ్డంగా ఎర్రని గీతలు, అక్కడక్కడ వెలిగి ఆరుతున్న దివిటీలు. "పద్నాలుగేళ్ళ పిల్లవాడు రాళ్ళు పేర్చుకుంటూ కూర్చోవడమేమిటి? ఆ ఆటను తీసివేయించు" అని తమ్మునితో అన్నాము. మా మాట కాదనే అలవాటు అతనికి లేదు. ఆ రాత్రే ట్యాబ్ నుంచి ఆట పోయింది. ఆటతోపాటు పిల్లవాడు అందులో కట్టుకున్నదంతా పోయింది. వాడు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. మరునాడు మేము బయలుదేరుతుంటే సలాం మాత్రం చేశాడు.

పది రోజుల తర్వాత తమ్ముడు మా మదరసాకు వచ్చాడు. అతని చేతిలో ఒక నోటుపుస్తకం ఉన్నది. "వాడి సంచిలో దొరికింది. లెక్కలో, మరేమిటో మాకు అర్థం కాలేదు, మీరు చూడండి" అన్నాడు. తెరిచి చూస్తే ప్రతి పుటలోనూ సున్నాలు, ఒకట్లు. నిలువు గీతలు గీసిన చిన్న చిన్న పట్టికలు. ఒక పట్టికలో మూడు వరుసలున్నాయి. మొదటి రెండు వరుసల్లో రెండూ సున్నాలైతే మూడవది సున్నా. ఒకటి మాత్రమే ఒకటైతే మూడవది ఒకటి. రెండూ ఒకట్లైతే మూడవది మళ్ళీ సున్నా.

మేము ఆ పుట వద్ద ఆగిపోయాము. ఎందుకంటే దాదాపు ముప్పై ఏళ్ళుగా మేము మా విద్యార్థులకు ఆ పట్టికనే బోధిస్తున్నాము. గీతలు గీసి కాదు, మాటలతో. మదరసా పాఠ్యప్రణాళికలో దాని పేరు మంతిఖ్, అనగా తర్కశాస్త్రం.

ఆ ఆట ఏమిటి?

పిల్లవాణ్ణి పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాము. "బేటా, ఇందులో ఏమున్నదో మాకు మొదటి నుంచి చెప్పు" అన్నాము. వాడు చెప్పినదీ, ఆ తర్వాత మేము చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ వివరిస్తున్నాము.

ఆ ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశానికి చెందిన మార్కస్ పెర్సన్ అనే ప్రోగ్రామరు దాన్ని 2009లో మొదటిసారి ప్రజల ముందు ఉంచాడు. పూర్తి రూపంలో 2011 నవంబరులో విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ ఆటను తయారుచేసే మొజాంగ్ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అందులోని లోకమంతా దిమ్మెలతో నిర్మితమైనది. మట్టి ఒక దిమ్మె, రాయి ఒక దిమ్మె, చెట్టు కొన్ని దిమ్మెలు. ఆడేవాడు వాటిని తవ్వవచ్చును, పేర్చవచ్చును, ఇల్లు కట్టవచ్చును. క్రియేటివ్ అనే పద్ధతిని ఎంచుకుంటే శత్రువుల బెడద ఉండదు, దిమ్మెలకు లెక్క ఉండదు. ఎవరికి ఏది తోస్తే అది కట్టుకోవచ్చును.

2010లో ఆ లోకంలోకి ఒక కొత్త పదార్థం వచ్చి చేరింది. భూమి అడుగున గనిలో దొరికే ఎర్రని పొడి. దాని పేరు రెడ్‌స్టోన్. దాన్ని నేలపై గీతగా పరిస్తే విద్యుత్తు తీగలాగా పనిచేస్తుంది. ఒక కొసన మీట పెట్టి నొక్కితే రెండవ కొసన దీపం వెలుగుతుంది, లేదా తలుపు తెరుచుకుంటుంది. కోట తలుపులు, గని బండ్లు నడపడానికి ఉపయోగపడే పదార్థమది. ఆటలో ఎక్కడా కంప్యూటరు అనే వస్తువు లేదు. అయినా అదే సంవత్సరం కొందరు ఆటగాళ్ళు ఆ పొడితో కూడికలు చేసే యంత్రాలను కట్టి లోకానికి చూపించారు. మా తమ్ముని కుమారుడు కట్టినది కూడా అటువంటిదే, చిన్నది.

ఒక గీత, ఒక దివిటీ

ఎర్ర పొడికి కొన్ని నియమాలున్నాయి. మీట నుంచి బయలుదేరిన సంకేతం బలం 15. ఒక్కొక్క దిమ్మె దాటుతున్నకొద్దీ ఒక్కటి చొప్పున తగ్గుతూ పోతుంది. పదిహేను దిమ్మెల తర్వాత ఏమీ మిగలదు. ఇంకా దూరం పంపాలంటే నడుమ రిపీటర్ అనే సాధనాన్ని పెట్టాలి. అది సంకేతానికి మళ్ళీ 15 బలాన్ని ఇస్తుంది. కాని ఆ సహాయానికి మూల్యంగా సెకనులో పదో వంతు ఆలస్యం చేస్తుంది. కావాలంటే ఆ ఆలస్యాన్ని నాలుగు వంతుల దాకా పెంచుకోవచ్చును.

వీటన్నింటిలోనూ అసలైనది ఎర్ర దివిటీ. మీట నొక్కితే వెలిగేది దీపం. ఈ దివిటీ స్వభావం అందుకు విరుద్ధం. అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని తగిలించిన దిమ్మెకు సంకేతం అందితే ఆరిపోతుంది. అంటే దానికి 'అవును' అని చెబితే అది 'కాదు' అంటుంది, 'కాదు' అని చెబితే 'అవును' అంటుంది.

"ఇంతేనా?" అని మేము అడిగాము. "ఇంతే, బడే అబ్బా. ఈ గీత, ఈ దివిటీ ఉంటే మిగతాదంతా కట్టవచ్చు" అని వాడు జవాబిచ్చాడు. మాకు అతిశయోక్తి అనిపించింది. కాని కాగితంపై గీసి చూపించినప్పుడు కాదనలేకపోయాము.

రెండు మీటల గీతలను ఒక్కచోట కలిపితే, రెండింటిలో ఏది నొక్కినా దీపం వెలుగుతుంది. ఇది 'లేదా'. రెండు మీటలు 'అవును' అంటేనే దీపం వెలగాలంటే మూడు దివిటీలు కావాలి. మొదటి మీట చివర ఒక దివిటీ, రెండవ మీట చివర ఒక దివిటీ. మీట నొక్కితే దాని దివిటీ ఆరిపోతుంది. ఈ రెండు దివిటీల గీతలనూ మూడవ దివిటీ ఉన్న దిమ్మెకు చేర్చాలి. ఆ రెండింటిలో ఏ ఒక్కటి వెలుగుతున్నా మూడవది ఆరిపోయే ఉంటుంది. రెండూ ఆరిపోయినప్పుడే, అనగా రెండు మీటలనూ నొక్కినప్పుడే, మూడవది వెలుగుతుంది. ఇది 'మరియు'. రెండు 'కాదు'లను మళ్ళీ 'కాదు' అంటే ఒక 'అవును' పుట్టింది.

మంతిఖ్ తరగతిలో ఈ పాఠం

మదరసాలలో బోధించే దర్సె నిజామీ ప్రణాళికలో విద్యార్థి మంతిఖ్‌లో చదివే తొలి పుస్తకాల్లో ఈసాగోజీ ఒకటి. 13వ శతాబ్దానికి చెందిన అసీరుద్దీన్ అబ్హరీ రచన అది. అందులోనూ, ఆ తర్వాతి పుస్తకాల్లోనూ 'ఇది గాని, అది గాని' అనే వాక్యాలను మూడు రకాలుగా విభజిస్తారు.

మొదటిది మానిఅతుల్ జమ్అ. రెండూ కలిసి నిజం కాజాలవు. ఉదాహరణకు 'ఈ వస్తువు చెట్టు గాని, రాయి గాని'. ఒకే వస్తువు చెట్టూ రాయీ రెండూ కాలేదు. కాని అది రెండూ కాకుండా మరొకటి కావచ్చును. రెండవది మానిఅతుల్ ఖులూ. రెండూ కలిసి అబద్ధం కాజాలవు, కనీసం ఒకటి నిజమై తీరాలి. 'జైద్ సముద్రంలోనైనా ఉన్నాడు, లేదా మునగకుండానైనా ఉన్నాడు' అన్నది దీనికి మా ఉస్తాదులు చెప్పిన ఉదాహరణ. మూడవది హఖీఖియ్యా. రెండూ కలిసి నిజం కాజాలవు, రెండూ కలిసి అబద్ధమూ కాజాలవు. 'ఈ సంఖ్య సరి గాని, బేసి గాని' అన్నట్లు కచ్చితంగా ఒక్కటే నిజం.

ఈ మూడింటినీ మేము ఎన్ని వందల మంది చేత కంఠస్థం చేయించామో లెక్కలేదు. వాటితో ఏదైనా కట్టవచ్చునని మాత్రం ఒక్కనాడూ మాకు తోచలేదు.

పిల్లవాడి పట్టిక హఖీఖియ్యా పట్టిక. రెండు మీటలలో కచ్చితంగా ఒక్కటే నొక్కినప్పుడు వెలిగే దీపం. దాన్ని వాడెలా కట్టాడు? 'కనీసం ఒకటి' అనే గీతను ఒకవైపు నుంచి, 'రెండూ కాదు' అనే గీతను మరొకవైపు నుంచి తెచ్చి 'మరియు'తో జోడించాడు. అంటే ఖులూనూ, జమ్అనూ కలిపి హఖీఖియ్యాను తయారుచేశాడు. మా పుస్తకాలలోని నిర్వచనం కూడా అదే. వాడు ఈసాగోజీ పేరు వినలేదు. దివిటీలు తప్పుగా వెలిగిన ప్రతిసారీ సరిదిద్దుకుంటూ ఆ నిర్వచనం దాకా తానే నడిచి వచ్చాడు.

అయితే కంప్యూటరంతా మన మంతిఖ్ గ్రంథాలలోనే ఉన్నదని మేము చెప్పబోవడం లేదు. అది సత్యం కాదు. తర్కాన్ని బీజగణితంగా మార్చి, 'అవును కాదు'లతో లెక్కలు చేయవచ్చునని 1854లో తన గ్రంథంలో వివరించినవాడు జార్జ్ బూల్. ఆ బీజగణితాన్ని విద్యుత్తు స్విచ్చులతో నడిపించవచ్చునని 1937లో ఎం.ఐ.టి.లో విద్యార్థిగా ఉండి నిరూపించినవాడు క్లాడ్ షానన్. ఎర్ర పొడి, దివిటీ ఆ బాటలోనివే.

13కు 6 కలిపితే

ఇక కూడిక. మనం పది అంకెలతో లెక్కిస్తాము గనుక మన స్థానాలు ఒకట్లు, పదులు, వందలు. మీటకు ఉన్నది రెండే స్థితులు గనుక ఈ యంత్రంలో స్థానాలు ఒకట్లు, రెళ్ళు, నాలుగులు, ఎనిమిదులు, పదహారులు. పదమూడు అంటే ఎనిమిది, నాలుగు, ఒకటి కలిసినది. కాబట్టి 1101. ఆరు అంటే నాలుగు, రెండు కలిసినది. కాబట్టి 0110.

వాడు కట్టిన యంత్రంలో నాలుగు మీటలు ఒకవైపు, నాలుగు మీటలు మరొకవైపు, పైన ఐదు దీపాలు. ఇటు పదమూడు, అటు ఆరు పెట్టాము. ఒకట్ల స్థానంలో ఒకటి, సున్నా కలిసి ఒకటి. రెళ్ళ స్థానంలో సున్నా, ఒకటి కలిసి ఒకటి. నాలుగుల స్థానంలో ఒకటి, ఒకటి కలిస్తే అక్కడ సున్నా పెట్టి చేతిలో ఒకటి ఉంచుకోవాలి. ఎనిమిదుల స్థానంలో ఒకటి, సున్నా, చేతిలోని ఒకటి కలిసి మళ్ళీ సున్నా, చేతిలో ఒకటి. ఆ చేతిలోని ఒకటి పదహారుల స్థానంలో దిగుతుంది. దీపాలు 10011 అని వెలిగాయి. పదహారు, రెండు, ఒకటి. పందొమ్మిది.

ప్రతి స్థానంలో పెట్టవలసిన అంకెను చెప్పేది హఖీఖియ్యా. చేతిలో ఉంచుకోవలసినదాన్ని చెప్పేది 'మరియు'. చేతిలో ఉంచుకున్న ఒకటి కూడా వచ్చి చేరితే అదే పనిని రెండుసార్లు చేయాలి. ఒకటవ తరగతి పిల్లవాడు వ్రేళ్ళు మడిచి చేసే కూడికలో ఇంత తర్కం దాగి ఉన్నదని మాకు యాభై ఏళ్ళు దాటాక తెలిసింది.

ఆ ఐదు దీపాలు ఒక్కసారిగా వెలగలేదు. కుడి నుంచి ఎడమకు ఒకదాని తర్వాత ఒకటి సర్దుకున్నాయి. 'చేతిలోని ఒకటి' ఒక స్థానం నుంచి మరొక స్థానానికి నడిచి వెళ్ళడానికి పట్టిన సమయం అది. మన చేతిలోని ఫోనులోనూ ఈ నడక ఉన్నది. మన కంటికి అందనంత వేగంగా జరుగుతుంది, అంతే.

జ్ఞాపకం, గడియారం, ఆదేశం

కూడిక ఒక్కటే కంప్యూటరు కాదు. చెప్పినదాన్ని గుర్తుంచుకోవాలి. దానికి రెండు దివిటీలు చాలు. మొదటి దివిటీ వెలిగితే రెండవదాన్ని ఆర్పేటట్లు, రెండవది వెలిగితే మొదటిదాన్ని ఆర్పేటట్లు గీతలు కలపాలి. ఒకరు మేల్కొని ఉంటే మరొకరు నిద్రపోయే ఇద్దరు కావలివాళ్ళ వంటివి అవి. ఒకసారి మీట నొక్కి వదిలివేసినా అవి ఆ స్థితిలోనే ఉండిపోతాయి. ఎవరు మేల్కొని ఉన్నారన్నదే ఆ యంత్రం గుర్తుంచుకున్న సంగతి. ఇటువంటి జతలు ఎనిమిది ఉంటే సున్నా నుంచి 255 దాకా ఏ సంఖ్యనైనా దాచుకోవచ్చును.

ఆపైన గడియారం కావాలి. రిపీటర్లను వలయాకారంగా అమర్చి ఒక సంకేతాన్ని అందులో తిప్పుతూ ఉంటే అది క్రమం తప్పని అడుగుల చప్పుడవుతుంది. ప్రతి అడుగుకూ యంత్రం ఒక పని చేస్తుంది. తొందరపడి ఆ వేగాన్ని మరీ పెంచితే దివిటీ కాలిపోయి కొంతసేపు పనిచేయదు. ఇక చివరిది ఆదేశాల పట్టిక. వరుసలు వరుసలుగా కొన్నిచోట్ల దివిటీ పెట్టి, కొన్నిచోట్ల పెట్టకుండా వదిలితే అదే వ్రాసిపెట్టిన ప్రోగ్రాము. 'ఈ సంఖ్యను తీసుకో, దానికి అది కలుపు, ఫలితాన్ని అక్కడ దాచు' అని ఆ దివిటీలు చెబుతాయి.

లెక్క, జ్ఞాపకం, గడియారం, ఆదేశం. ఈ నాలుగూ కూడితే కంప్యూటరు.

ఇది మాటవరసకు చెప్పడం కాదు. 2022లో ఒక ఆటగాడు ఎనిమిది బిట్ల పూర్తి కంప్యూటరును కట్టి, ఆ ఆటనే చిన్న రూపంలో ఆ కంప్యూటరులో నడిపి చూపించాడు. ఆ యంత్రం సహజ వేగం సెకనుకు ఒక్క అడుగు మాత్రమే. అందువల్ల ఆట కదలాలంటే ప్రత్యేక సర్వరుతో కాలాన్ని వేల రెట్లు వేగంగా నడపవలసి వచ్చింది. అదే వ్యక్తి 2025లో, మనిషి మాటకు జవాబిచ్చే చిన్న భాషా నమూనాను ఎర్ర పొడితోనే కట్టాడు. దాని అంకెల నేర్పును మాత్రం ముందుగా బయట మామూలు కంప్యూటరుపై సిద్ధం చేసుకున్నాడు. దాదాపు 44 కోట్ల దిమ్మెల కట్టడం అది. వేగాన్ని వేల రెట్లు పెంచిన తర్వాత కూడా ఒక్క జవాబుకు సుమారు రెండు గంటలు పడుతుంది.

ఇంత శ్రమపడి ఇంత మందకొడి యంత్రం ఎందుకని ఎవరైనా అడగవచ్చును. మేమూ అడిగాము. "వేగం కోసం కాదు, బడే అబ్బా. లోపల ఏమి జరుగుతుందో కంటితో చూడటానికి" అన్నాడు. నిజమే. ఫోనును విప్పి చూస్తే నల్లని చిప్పు కనిపిస్తుంది తప్ప కూడిక కనిపించదు. ఈ దిమ్మెల యంత్రంలో నడిచి వెళ్ళి ఏ దివిటీ వద్ద తప్పు జరిగిందో వెతకవచ్చును.

ఇళ్ళలో పుట్టిన యంత్రాలు

ఈ సంగతులు చదువుతున్నప్పుడు రెండు ఉదంతాలు మాకు ఎదురయ్యాయి.

అమెరికాలో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో పనిచేసే జార్జ్ స్టిబిట్జ్ 1937లో ఇంటికి కొన్ని టెలిఫోను రిలేలు తెచ్చుకున్నాడు. పొగాకు డబ్బా నుంచి కత్తిరించిన రేకు ముక్కలు, చిన్న బల్బులు జతచేసి, వంటింటి బల్లపై రెండంకెలను కూడే యంత్రాన్ని తయారుచేశాడు. వంటింట్లో పుట్టినది గనుక, ఆంగ్లంలో వంటింటికి మొదటి అక్షరమైన 'కె'ను చేర్చి అతని భార్య దానికి మోడల్ కె అని పేరు పెట్టింది. మా తమ్ముని కుమారుడు కట్టిన యంత్రం ఆ వంశానికి చెందినదే.

అదే కాలంలో జర్మనీలో కోన్రాడ్ జూసె అనే యువ ఇంజనీరు 1936లో మంచి ఉద్యోగం వదిలి, బెర్లినులోని తల్లిదండ్రుల ఇంట్లో లెక్కల యంత్రం కట్టనారంభించాడు. పలుచని లోహపు పలకలు వేల సంఖ్యలో కత్తిరించి పేర్చాడు. ఇల్లు వారిది, ఖర్చులో కొంత వారిది, మిగిలినది మిత్రులది. ఆ మొదటి యంత్రం సరిగా పనిచేయలేదు. పలకలు ఇరుక్కుపోయేవి. అయినా ఆ తల్లిదండ్రులు దాన్ని బయట పారవేయలేదు. 1941లో అతడు రిలేలతో కట్టిన మూడవ యంత్రం, ప్రోగ్రాము ప్రకారం తనంతట తాను నడిచిన తొలి కంప్యూటరుగా నేడు గుర్తింపు పొందింది. దాని వేగం సెకనుకు సుమారు ఐదు అడుగులు. దిమ్మెల ఆటలోని యంత్రాల వేగానికి దగ్గరగానే ఉన్నది.

మన ఇంట్లో ఎవరైనా గదినిండా రేకు ముక్కలు పరిస్తే మనం ఎన్ని రోజులు ఓర్చుకుంటాము? ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు.

మరొక మాట కూడా దాచకుండా చెప్పాలి. 9వ శతాబ్దంలో బాగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరును మన సభలలో ఎంతో గర్వంగా స్మరిస్తాము. నేడు కంప్యూటరు విద్యలో వినిపించే 'అల్గారిథమ్' అనే మాట ఆయన పేరు నుంచే వచ్చింది, 'ఆల్జీబ్రా' ఆయన గ్రంథం పేరు నుంచి వచ్చింది అని వేదికపై చెబుతాము. మేము కూడా ఎన్నోసార్లు చెప్పాము. అటువంటి మేమే, మా ఇంట్లో ఒక పిల్లవాడు అంచెలంచెలుగా ఒక అల్గారిథమ్ కడుతుంటే, రాళ్ళాట అని ఊడ్చివేయించాము. వెయ్యేళ్ళ క్రితం నాటి విద్వాంసుని గౌరవించడం సులభం. ఆయన దారిలో నడవబోయే పద్నాలుగేళ్ళవాణ్ణి గుర్తించడానికే ఓపిక కావాలి.

తల్లిదండ్రులతో ఒక మాట

దీన్నిబట్టి పిల్లలకు ట్యాబులు ఇచ్చి వదిలివేయమని అర్థం తీయకండి. మా మరదలి ఆందోళన నిరాధారమైనది కాదు. ఇదే ఆటలో గంటల తరబడి ఊరికే తిరిగేవారున్నారు. ఆటను ఆడటం కూడా మాని, ఎవరో ఆడుతుంటే వీడియోలు చూస్తూ రాత్రులు గడిపేవారున్నారు. అపరిచితులతో కలిసి ఆడే సర్వర్లున్నాయి. అక్కడ ఎవరు ఎవరితో ఏమి మాట్లాడుతున్నారో పెద్దలకు తెలియదు. ఆటలోనే డబ్బు పెట్టి వస్తువులు కొనే అంగడి కూడా ఉన్నది. నిద్ర, చదువు, నమాజు వేళలకు హద్దు పెట్టడం తల్లిదండ్రుల బాధ్యత. ఆ హద్దు ఉండి తీరాలి.

మా విన్నపం ఒక్కటే. హద్దు పెట్టేముందు ఒక అరగంట పక్కన కూర్చోండి. "ఏమి కడుతున్నావు? ఇది ఎలా పనిచేస్తుంది?" అని అడగండి. చూస్తున్నవాడికీ కడుతున్నవాడికీ తేడా అక్కడే బయటపడుతుంది. ఊరికే తిరిగేవాడు రెండు మాటల్లో ముగిస్తాడు. కట్టేవాడు కాగితం, కలం అడుగుతాడు. ఇది ఆడపిల్లలకూ అంతే వర్తిస్తుంది. చెల్లెలు పక్కన కూర్చొని చూస్తుంటే ఆమె చేతికీ మీట ఇప్పించండి. తెరపై కట్టేముందు పట్టికను నోటుపుస్తకంలో వ్రాయమనండి. అప్పుడు తెర ముందు గడిచే కాలం తగ్గుతుంది, ఆలోచించే కాలం పెరుగుతుంది. తాను ఒంటరిగా కట్టుకునే లోకంలోనే ఆడమనండి. ఏదైనా కారణంగా ఆటను తీసివేయక తప్పకపోతే, కట్టినదానికి నకలు తీసి ఉంచే వీలున్నది. ముందుగా అది చేయండి. ఆ ఒక్క జాగ్రత్త మాకు ఆ రోజు తెలియలేదు.

మా సంగతి ఎలా ముగిసిందో చెప్పవలసి ఉన్నది. ఆటను మళ్ళీ ట్యాబులో పెట్టించాము. మగ్రిబ్ తర్వాత ఒక గంట అని నియమం పెట్టుకున్నాము. వాడు రెండు నెలలు కష్టపడి కట్టిన కూడిక యంత్రాన్ని ఈసారి నాలుగు రోజుల్లో కట్టాడు. పైన 13కు 6 కలిపి మేము చూసినది ఆ రెండవ యంత్రాన్నే. "మొదటిదానికంటే చిన్నది, బడే అబ్బా. అప్పుడు తప్పులన్నీ కలిపి కట్టాను" అన్నాడు. ట్యాబు నుంచి పోయినది వాడి బుద్ధి నుంచి పోలేదని మాకు ఊరట కలిగింది.

అయితే మొదటి కట్టడంలో కూడిక యంత్రం పక్కన జ్ఞాపక యంత్రం కూడా సగందాకా లేచి ఉండేదట. దాని పట్టికలను వాడు నోటుపుస్తకంలో వ్రాసుకోలేదు. అన్నీ ఆటలోనే ఉండేవి. "దాన్ని మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతావు, బేటా?" అని అడిగాము. "చూస్తాను, బడే అబ్బా" అన్నాడు. ఇప్పటికి నెల దాటింది. ఇంకా మొదలుపెట్టలేదు.

మేము మళ్ళీ అడగలేదు. వచ్చే శుక్రవారం మంతిఖ్ పుస్తకం తీసుకొని వాడి దగ్గరకు వెళ్ళదలచాము. హఖీఖియ్యా పాఠం మేము చెబుతాము. ఇద్దరు కావలివాళ్ళ సంగతి మాకు ఇంకా పూర్తిగా బోధపడలేదు. అది వాడు చెప్పాలి.